ప్రయోగశాలలకు పనివారేరి?

ఉద్దానము పేరు వినని తెలుగువాడు నేడుండడు. శ్రీకాకుళము జిల్లా సముద్రతీరమున కొబ్బరితోటలతో, జీడితోపులతో, పనసచెట్లతో కన్నులపండువుగ నుండు నా సీమకు ఉద్యానమను మాటనుండియే యాపేరు కలిగినదందురు. అట్టి తోటసీమలో కాయకష్టముచేసికొని బ్రదుకు జనులకు మూత్రపిండములు చెడిపోవుచున్నవి. మధుమేహము లేనివారికిని, రక్తపుపోటు లేనివారికిని సైత మీ వ్యాధి సోకుచున్నది. వైద్యులు దశాబ్దములుగా దీనిని చూచుచున్నారు. త్రాగునీటిని పరీక్షించిరి, నేలను పరీక్షించిరి, పురుగుమందులను, ఎండలోని చాకిరిని, వంశపారంపర్యమును అనుమానించిరి. కారణమిది యని నిస్సంశయముగ నింతవరకు నెవ్వరును తేల్చి చెప్పలేదు. 2023 డిసెంబరులో పలాసయందు ఇన్నూరు పడకల ఆసుపత్రియు, దానితోపాటు మూత్రపిండవ్యాధుల పరిశోధనకేంద్రమును ప్రారంభింపబడినవి. సంతోషమే. పడక రోగికి విశ్రాంతి నొసగును. యంత్రము రక్తమును శుద్ధిచేయును. రోగకారణమును కనుగొనవలసినది మాత్రము మనుష్యుని బుద్ధియే. ఆ బుద్ధికి కూడుపెట్టు నేర్పాటు మనదేశమున నెట్లున్నదో విచారించుట యవసరము.

భవనమునకు నిధులు దొరకును. ప్రారంభోత్సవమునకు మంత్రులు దొరకుదురు. శిలాఫలకముపై పేర్లు చెక్కుటకు శిల్పియు దొరకును. ఆ భవనములో కూర్చుండి పదియేండ్లు, ఇరువదియేండ్లు ఒకే ప్రశ్నను పట్టుకొని పనిచేయువానికి మాత్రము కుర్చీ దొరకుట కష్టముగ నున్నది. ఈ మాట యే యొక్క కేంద్రమునుగూర్చియు మేమనుట లేదు. మన విశ్వవిద్యాలయములలోని జీవవైద్యశాస్త్రశాఖల సామాన్యస్థితినిగూర్చి యనుచున్నాము.

జీవవైద్యశాస్త్రములన జీవరసాయనము, సూక్ష్మజీవిశాస్త్రము, శరీరధర్మశాస్త్రము, జన్యుశాస్త్రము, ఔషధశాస్త్రము మొదలగునవి. డాక్టరు రోగి మంచముకడ నిలుచును. ఈ శాస్త్రజ్ఞుడు డాక్టరు వెనుక నిలుచును. రక్తపరీక్ష, టీకా, మాత్ర, సూదిమందు - ఇవి యన్నియు మొదట నొక ప్రయోగశాల బల్లమీద నెవరో యొక యజ్ఞాతుడు రాత్రింబవళ్లు శ్రమించుటచే గలిగినవే. ఈ విద్యకు మన తెలుగునాట నిలయములు లేకపోలేదు. ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918లోను, ఆంధ్రవిశ్వవిద్యాలయము 1926లోను, హైదరాబాదు కేంద్రవిశ్వవిద్యాలయము 1974లోను వెలసినవి. కూనూరున 1918లో నొక చిన్న గదిలో బెరిబెరి వ్యాధి విచారణకై పుట్టిన సంస్థ 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, నేడు జాతీయ పోషకాహార సంస్థయని లోకప్రసిద్ధి గాంచియున్నది. విత్తనము మంచిదే, నేల మంచిదే. లోపమెచ్చటనున్నది?

లోపము తెలియవలెనన్న, ఈ శాఖలలోని యుద్యోగముల మెట్లను పాఠకులు మొదట నెరుగవలెను. ఎం.ఎస్‌సి. చదివిన విద్యార్థి సి.ఎస్‌.ఐ.ఆర్‌.-యు.జి.సి. వారి నెట్‌ పరీక్షలోనో, బయోటెక్నాలజీ శాఖవారి బెట్‌ పరీక్షలోనో నెగ్గిన యెడల జూనియరు రిసెర్చి ఫెలో యగును. 2023 జనవరి 1వ తేదీనుండి యీ ఫెలోషిప్పు నెలకు 31,000 రూపాయలనుండి 37,000 రూపాయలకు పెంపబడినది. రెండేండ్ల పిమ్మట సీనియరు ఫెలోకు 42,000 రూపాయలు. పిహెచ్‌.డి. ముగిసినవారికి రిసెర్చి అసోసియేటు పదవిలో తరగతిని బట్టి 58,000 మొదలు 67,000 వరకు. ఈ మెట్లన్నియు కాలపరిమితి గలవే. నిలకడగల పదవి సహాయాచార్యత్వముతో, అనగా అసిస్టెంటు ప్రొఫెసరు పదవితో మొదలగును; దాని ప్రారంభపు మూలవేతనము ఏడవ వేతనసంఘపు లెక్కప్రకారము 57,700 రూపాయలు. వీరికి ప్రక్కగా ల్యాబ్‌ టెక్నీషియనులు, యంత్రముల నడుపువారు, ప్రయోగములకు వలయు ఎలుకలను కుందేళ్లను పెంచి కాపాడువారు, సామాను లెక్కలు చూచువారు నుందురు. ఇంతమంది కలసిన గాని యొక శాఖ యనిపించుకొనదు.

కాగితముపై నీ మెట్లు చక్కగనే యున్నవి. కాని నిచ్చెన నడిమి మెట్లు విరిగియున్న యెడల నెక్కువాని గతి యేమగును? రాష్ట్రవిశ్వవిద్యాలయములలో ఆచార్యులు పదవీవిరమణ చేయుచుండగా వారి స్థానములు ఏండ్లతరబడి నింపబడకుండుట మన కందరికిని తెలిసిన సంగతియే. ఒక ప్రొఫెసరు వెడలిపోవును. ఆయన గదికి తాళము పడును. ఆయన యంత్రమును తుడుచువా డుండడు. ఆయనవద్ద సగము పరిశోధన చేసిన విద్యార్థి మరియొకరి పేరున చేరి తన అంశమును మార్చుకొనవలసివచ్చును. 2019 జూనులో యు.జి.సి. వారే దేశములోని విశ్వవిద్యాలయములన్నిటికిని ఉత్తరువు వ్రాసి, ఆరుమాసములలో ఖాళీలన్నియు నింపవలెనని గడువు పెట్టిరి. ఆ ఆరుమాసము లెన్నడో గడచినవి. ఖాళీలు ఖాళీలుగనే యున్నవి.

దీనికి కారణములు లేవని మేమనము. 2017లో అలహాబాదు హైకోర్టు తీర్పు ననుసరించి, రిజర్వేషను లెక్కకు విశ్వవిద్యాలయము నొక్కటిగా గాక శాఖ నొక్కటిగా తీసికొనవలెనని 2018 మార్చిలో యు.జి.సి. ఆదేశించినది. శాఖలో రెండుమూడు పోస్టులే యున్నచోట వెనుకబడిన వర్గములకు, దళితులకు, గిరిజనులకు వంతు రాకుండునట్టి లెక్క యది. దేశమంతట నాందోళన కలిగినది, నియామకములు స్తంభించినవి, తుదకు 2019లో పార్లమెంటు చట్టము చేసి పాత పద్ధతిని నిలిపినది. న్యాయమైన సవరణయే. తెలంగాణములో విశ్వవిద్యాలయముల నియామకములకై యొక యుమ్మడి బోర్డు నేర్పరచు బిల్లును 2022లో శాసనసభ యామోదించినది. గవర్నరు సమ్మతి దొరకక యది నిలిచిపోయినది. ఆంధ్రదేశమునను నోటిఫికేషనులు వెలువడుట, వానిపై వ్యాజ్యములు నడచుట, ప్రభుత్వములు మారుట, మరల మొదటికి వచ్చుట పరిపాటియైపోయినది. ఒక్కొక్క చిక్కునకు నొక్కొక్క సమాధానము కలదు. కాని యన్ని చిక్కులకును మూల్యమును చెల్లించినవా డొక్కడే: ముప్పదియైదేండ్లు వచ్చినను ఉద్యోగము రాక, వయస్సు మీరుచున్న పిహెచ్‌.డి. పట్టభద్రుడు.

ఖాళీలున్నను తరగతులు నడచుచున్నవి గదా యందురేమో! నడచుచున్నవి, కాంట్రాక్టు అధ్యాపకుల భుజములమీద నడచుచున్నవి. కాంట్రాక్టు నియామకములు మొత్తము పోస్టులలో నూటికి పదికి మించరాదని 2018 నాటి యు.జి.సి. నిబంధన. 2025 జనవరిలో ప్రకటించిన ముసాయిదాలో నా హద్దు కానరాలేదు. రోగము ముదిరినప్పుడు ఉష్ణమాపకమును పగులగొట్టిన జ్వరము తగ్గునా? కాంట్రాక్టు అధ్యాపకుడు అసమర్థుడని మా యభిప్రాయము గాదు. పలువురు రెగ్యులరు ఆచార్యులకంటె నెక్కువగ పాటుపడుచున్నారు. కాని వచ్చే సంవత్సరము తానిచ్చట నుందునో లేదో యెరుగనివాడు ఐదేండ్ల ప్రయోగమును తలపెట్టగలడా? గ్రాంటునకు దరఖాస్తు పెట్టగలడా? తనక్రింద నొక విద్యార్థిని చేర్చుకొని, నీ పిహెచ్‌.డి. పూర్తియగువరకు నీకు నేనుందునని ధైర్యముగ చెప్పగలడా?

ఇచ్చట నొక రహస్యమును పాఠకులు గుర్తింపవలెను. ప్రయోగవిద్య పుస్తకమునుండి పుస్తకమునకు పోవు విద్య గాదు. చేతినుండి చేతికి పోవు విద్య. కణములను గాజుపాత్రలో పెంచుట, అవి చెడిపోకుండ కాచుట, మాంసకృత్తులను వేరుచేయుట, చిన్న యెలుకకు నొప్పి కలుగకుండ సూదివేయుట - ఇవి చదివిన వచ్చునవి గావు. చేనేతలో పడుగు పేకల మెలకువ తండ్రి చేతినుండి కొడుకు చేతికి వచ్చినట్లు, పాతవాని ప్రక్కన నిలిచి క్రొత్తవాడు నేర్చుకొనవలెను. మూడేండ్ల ప్రాజెక్టు ముగియగనే పాతవా డింటికి పోయిన యెడల, క్రొత్తవాడు మరల ఓనమాలతో నారంభింపవలెను. ప్రజల ధనముతో నేర్చిన నేర్పంతయు నొక్కరోజున గుమ్మముదాటి పోవుచున్నది. కోట్లు పోసి కొన్న యంత్రములు నడుపువారు లేక ముసుగులు కప్పుకొని కూర్చున్నవి. దీనిని మిత వ్యయమందురా? మేము దీనిని దుర్వ్యయమందుము.

1897 ఆగస్టు 20వ తేదీన సికిందరాబాదులో రొనాల్డు రాస్‌ దొర దోమ కడుపులో మలేరియా క్రిమిని సూక్ష్మదర్శినితో చూచెను. ఆ పనికి 1902లో నోబెలు బహుమానము పొందెను. ఆ దోమలకు తన శరీరము నప్పగించినవాడు హుస్సేన్‌ ఖాన్‌ అను నొక బీదరోగి. తన్ను కుట్టిన దోమకు అణా చొప్పున అతనికి ముట్టినదట. రాస్‌ పేర భవనము నిలిచినది. హుస్సేన్‌ ఖాన్‌ పేరెరిగినవా రెందరు? ఆ దినములు పోయినవనుకొందుము. కాని నేడును మన ప్రయోగశాలలలో సీసాలు కడుగు కుర్రవాడు మొదలు పిహెచ్‌.డి. పొందిన ప్రాజెక్టు సైంటిస్టు వరకు పలువురు దోమకు అణా లెక్కనే బ్రదుకుచున్నారు. ప్రాజెక్టున్నంతకాలము కూలి, ప్రాజెక్టు ముగిసిన నాడు శలవు. పింఛను లేదు, పదోన్నతి లేదు, జబ్బుపడిన దిక్కు లేదు. జబ్బులకు మందు వెదకువానికే జబ్బుపడిన దిక్కు లేకుండుట యెంత విపరీతము!

ఇక ఫెలోషిప్పుల మాట. అంకె పెద్దది, అందుట ఆలస్యము. నెలల తరబడి రాక, ఒక్కసారి వచ్చి, మరల నెలల తరబడి నిలిచిపోవుచుండుటనుగూర్చి విద్యార్థులు దేశమున నెన్నిసార్లు మొరపెట్టుకొనలేదు? ఇంటి యజమాని అద్దె నెలనెలా అడుగును గాని గ్రాంటు వచ్చినప్పుడు అడుగడు గదా! నెట్‌లో ఫెలోషిప్పు రానివారి స్థితి మరింత హీనము. కేంద్రవిశ్వవిద్యాలయములలో వారి కిచ్చు మొత్తము దశాబ్దమునకు పైగా నెలకు 8,000 రూపాయలకడనే నిలిచిపోయినది. పట్టణమున గది యద్దెకు చాలని సొమ్ముతో మానవరోగములపై పరిశోధన చేయుమనుట న్యాయమా?

ఈ నిర్లక్ష్యమువలన మనము పోగొట్టుకొన్నవారి చరిత్రము మనకు తెలియనిది గాదు. 1895లో భీమవరమున జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు మద్రాసు వైద్యకళాశాలలో చదివి, ఖద్దరు ధరించినందున పై యాచార్యుని ఆగ్రహమునకు పాత్రుడై, ఎం.బి.బి.ఎస్‌. పట్టమునకు బదులు ఎల్‌.ఎం.ఎస్‌. మాత్రమే పొందినట్లు వారి జీవితచరిత్రకారులు చెప్పుదురు. మద్రాసులోని ఆయుర్వేదకళాశాలలో కొంతకాలము పాఠములు చెప్పి, ఇక్కడ పరిశోధనకు తావులేక, కాకినాడలోని మల్లాడి సత్యలింగనాయకరు ధర్మసంస్థయు, మామగారును చేసిన సాయముతో అమెరికా చేరిరి. అక్కడ రాత్రులు ఆసుపత్రిలో చాకిరిచేయుచు చదివిరి. శరీరములోని ఫాస్పరసును కొలుచు పద్ధతిని ఫిస్కేతో కలసి 1925లో ప్రకటించిరి. కండరములకు శక్తినిచ్చు ఫాస్ఫోక్రియాటినును, ఎ.టి.పి.ని లోకమునకు తెలిపినవారిలో నొకరైరి. అయినను హార్వర్డులో నాయనకు స్థిరమైన పదవి రాలేదు. 1940లో లెడర్లే కంపెనీలో చేరిన పిమ్మట ఫోలికామ్లము, బోదవ్యాధికి హెట్రజాను, పిల్లల రక్తపుక్యాన్సరుపై మొట్టమొదట పనిచేసిన అమినోప్టెరిను, ఆరియోమైసిను - ఈ యౌషధములన్నియు నాయన నడపిన ప్రయోగశాలలనుండి వెలువడినవి. 1948లో నచ్చటనే కన్నుమూసిరి. స్వదేశమున కాయన తిరిగి రానేలేదు.

సుబ్బారావుగారి పేర మనము సభలు చేయుదుము, పూలమాలలు వేయుదుము, తెలుగువాడని గర్వపడుదుము. అది తప్పుగాదు. కాని నేడు సుబ్బారావువంటి కుర్రవాడు భీమవరమునుండి వచ్చి మన విశ్వవిద్యాలయపు గుమ్మమున నిలిచిన యెడల, నోటిఫికేషను వచ్చినప్పుడు రమ్మని పంపివేయమా? గర్వించుట సులభము, కుర్చీ వేయుట కష్టము. హరగోవింద ఖొరానాగారు 1949లో విదేశవిద్య ముగించి స్వదేశమునకు వచ్చి, ఉద్యోగము దొరకక మరల సముద్రము దాటిపోయిరి. 1968లో నాయనకు నోబెలు బహుమానము వచ్చినది. ఆ యేడు మనము సంతోషించితిమి. 1949లో నెవరైనను సిగ్గుపడిరా?

దేశమున నుండి పనిచేసినవారు నెగ్గలేదా యన్న నెగ్గిరి. కలకత్తాలో శంభునాథ డే గారు స్వల్పసాధనములతోనే కలరా క్రిమి విషమును 1959లో నిరూపించిరి. హైదరాబాదు పోషకాహార సంస్థలో గోపాలనుగారును, శ్రీకంఠయ్యగారును జొన్నకూడు ముఖ్యాహారముగ తినువారికి పెల్లాగ్రా యను చర్మవ్యాధి యేల కలుగుచున్నదో విచారించి 1960లో లోకమునకు తెలిపిరి. జొన్నకూడు తినువాని రోగమును జొన్నచేల నడుమనున్నవాడే ముందుగ గుర్తించును. నెల్లూరుజిల్లాలో నీటిలోని ఫ్లోరైడువలన ఎముకలు వంగిపోవుచున్నవని 1937లోనే షార్టు మొదలగువారు వ్రాసిరి. ఆ పీడ నల్లగొండ పల్లెలలో తరతరములు బాధించినది. మన రోగములు మనవి. వానిని మనకొరకు విదేశముల పరిశోధనాలయములు ముందువరుసలో పెట్టుకొనవు. ఉద్దానమే దీనికి సాక్షి.

ప్రభుత్వమువారు డబ్బు లేదందురు. దేశము మొత్తము పరిశోధనకు చేయు వ్యయము 2020-21 లెక్కలప్రకారము జాతీయోత్పత్తిలో నూటికి 0.64 మాత్రమే. అమెరికా మూడింటికి మించి, దక్షిణ కొరియా దాదాపు అయిదువంతులు నూటికి వ్యయపరచుచున్నవి. 2023లో అనుసంధాన్‌ జాతీయ పరిశోధన ఫౌండేషను చట్టము చేసి అయిదేండ్లలో 50,000 కోట్ల రూపాయల నుద్దేశించిరి. అందు హెచ్చుభాగము ప్రభుత్వేతరుల వలన రావలెనని తలచిరి. వచ్చిన మంచిదే. కాని గ్రాంటు వచ్చినను దానిని పుచ్చుకొని నడుపు స్థిరాధ్యాపకుడు లేనిచో, ఆ సొమ్ము పదవులు నిండిన పెద్ద సంస్థలకే పోవును; రాష్ట్రవిశ్వవిద్యాలయము మరల నుపవాసమే యుండును. నీరు వదలిన చాలదు, కాలువ యుండవలెను.

మరికొందరు జీనోమ్‌ వ్యాలీని చూపి, కంపెనీలే యుద్యోగము లిచ్చును గదా యందురు. ఇచ్చుచున్నవి, ఇయ్యవలెను. కోవాగ్జిను, కార్బెవాక్సు టీకాలు హైదరాబాదు కంపెనీలలోనే తయారైనవి. తెలుగునాటికి గౌరవము తెచ్చినవి. అయితే మొదటిదానికి వైరసును వేరుచేసి యిచ్చినది పూనాలోని ప్రభుత్వ వైరాలజీ సంస్థ. రెండవదానికి మూలద్రవ్యము అమెరికాలో టెక్సాసునందలి యొక వైద్యకళాశాల పరిశోధకులు పేటెంటు కోరక పంచిపెట్టినది. కర్మాగారము చెట్టు, ప్రజాధనముతో నడచు పరిశోధనాలయము వేరు. వేరు ఎండిన చెట్టెంతకాలము కాయును? కంపెనీలకు వలయు కుర్రవాండ్రను తయారుచేయవలసినదియు విశ్వవిద్యాలయశాఖలే. చేతితో యంత్రమును ముట్టక పట్టము పొందినవానిని కంపెనీ యేమి చేసికొనును?

అమెరికా యున్నదిగదా యనువారికి గూడ నొకమాట. మనవా రక్కడికి పోవుటను మేము నిందింపము; విద్యకు ఎల్లలు లేవు. కాని పరులయింటి దీపము మనచేతిలో నుండదు. 2025లో నక్కడి ప్రభుత్వము వైద్యపరిశోధనకు జాతీయారోగ్యసంస్థలద్వారా నిచ్చు గ్రాంటుల ననేకము రద్దుచేసినది. ఆ సెప్టెంబరులో క్రొత్త హెచ్‌-1బి అర్జీలకు లక్షడాలర్ల రుసుమును ప్రకటించినది. పోస్టుడాక్టరులుగ నున్న మనబిడ్డలెందరో యేమగునోయని దిగులుపడిరి. తిరిగి వచ్చెదమనువారికి మనమేమి చూపుచున్నాము? నోటిఫికేషను లేని బోర్డును, తాళమువేసిన గదిని!

అంతయు చీకటియే యనుట న్యాయము గాదు. 2025 జూలైలో జాతీయ వైద్యసంఘము క్రొత్త నిబంధనలు చేసి, వైద్యకళాశాలలలో శరీరనిర్మాణ, శరీరధర్మ, జీవరసాయన శాఖలలోనేగాక సూక్ష్మజీవి, ఔషధశాస్త్రశాఖలలోను ఎం.ఎస్‌సి., పిహెచ్‌.డి. చదివినవారిని అధ్యాపకులుగ నియమింప ననుమతించినది. 2020లో మూయబడిన తలుపును మరల తెరచుట యిది. మన రెండు రాష్ట్రములలో వైద్యకళాశాలలు జిల్లాజిల్లాకు వెలసిన యీ దినములలో నిది మంచి యవకాశము. ఆ కళాశాలలు బోధనతో తృప్తిపడక చిన్న ప్రయోగశాలనైన నెలకొల్పిన, జిల్లారోగములకు జిల్లాలోనే పరిశోధకుడు దొరకును.

మేము గొంతెమ్మకోర్కెలు కోరుట లేదు. మా కోరికలు నాలుగే. ఒకటి: ప్రతి విశ్వవిద్యాలయమును సంవత్సరమున కొకసారి, నియతమైన నెలలో, ఆ యేడు విరమించువారి స్థానములకు ముందుగనే నోటిఫికేషను వెలువరింపవలెను, పది పదునైదేండ్ల ఖాళీలను గుట్టగా పోసి యొక్కసారి నింపబోవుటచేతనే వ్యాజ్యములు పెరుగుచున్నవి. రిజర్వేషను రోస్టరును నోటిఫికేషనుకు ముందే బహిరంగముగ ప్రకటించిన సగము తగవులు తీరును. రెండు: ఫెలోషిప్పు ప్రతినెల మొదటివారమున పరిశోధకుని ఖాతాలో పడవలెను. ఢిల్లీనుండి రాక ఆలస్యమైన యెడల విశ్వవిద్యాలయమే ముందుగ నిచ్చి పిమ్మట రాబట్టుకొనునట్లొక నిధి నుంచుకొనవలెను. మూడు: టెక్నీషియనులకు, యంత్రచాలకులకు, జంతుశాల కాపరులకు స్థిరమైన పదవులును, పదోన్నతి మెట్లును ఏర్పరుపవలెను. యంత్రము కొనుటకు సొమ్ము మంజూరుచేయునప్పుడే దానిని నడుపువాని జీతమునుగూడ మంజూరుచేయవలెను. నాలుగు: ఎంపికలలో బంధుత్వమునకును, సిఫార్సునకును తావులేకుండ, వచ్చిన మార్కులను, ప్రకటించిన పత్రములను, ఎంపికకు కారణమును అందరికి తెలియునట్లు వెల్లడింపవలెను. చీటీతో వచ్చిన యాచార్యుడు ముప్పదియేండ్లు కుర్చీలో కూర్చుండును. ఆ ముప్పదియేండ్లు నా శాఖ నిద్రించును.

దాతలకు నొక విన్నపము. మల్లాడి సత్యలింగనాయకరు ధర్మనిధి లేకున్న సుబ్బారావుగారు సముద్రము దాటలేకపోయియుందురు. మన శ్రీమంతులు గోపురములకు, కల్యాణమంటపములకు ఉదారముగ నిచ్చుచున్నారు. ఒక విశ్వవిద్యాలయశాఖలో నొక పరిశోధకుని పదవిని శాశ్వతనిధితో నెలకొల్పుట అన్నదానమునకు తీసిపోయిన పుణ్యము గాదు. విదేశములలో స్థిరపడిన తెలుగుసోదరు లీపని పూనుకొన్న నెంత బాగుండును!

యువకులకును, యువతులకును మే మొకటి చెప్పదలచితిమి. ఈ మార్గము పూలబాట యని మిమ్ము మభ్యపెట్టము. పట్టము పొందునప్పటికి మీతోడివారు ఇండ్లు కట్టుకొనియుందురు. కాబట్టి కన్నులు తెరచుకొని రండు. చేరకముందు ఆ ప్రయోగశాలలో పూర్వము చదివినవారేమైరో విచారింపుడు. ప్రాజెక్టు గడువెంతో వ్రాతమూలముగ నడుగుడు. జీవశాస్త్రముతో గణితమును, కంప్యూటరు విద్యను తోడుచేసికొనుడు. అధ్యాపకపదవి యొక్కటే గమ్యమని తలపక, ఆసుపత్రి ప్రయోగశాల, ఔషధపరీక్ష, టీకాల నాణ్యతాపరిశీలన, శాస్త్రరచన మొదలగువానిని గూడ గౌరవస్థానములుగ నెంచుడు. తల్లిదండ్రులారా! మీ బిడ్డ పరిశోధన చేసెదనన్నప్పుడు, ఇంకెన్నాళ్లు చదువని విసుగుకొనకుడు. ముఖ్యముగ ఆడపిల్లలను పెండ్లిపేర నడుమ నాపకుడు.

పఠనమందిరములలో నీ పత్రికను చదువు పౌరులకు నొక పని కలదు. మీ పట్టణపు శాసనసభ్యుడు ఓటునకై వచ్చినప్పుడు రోడ్డునుగూర్చి యడుగుదురు, నీటినిగూర్చి యడుగుదురు. ఒక్కసారి, అయ్యా, మన విశ్వవిద్యాలయములో జీవరసాయనశాఖలో నెందరు ఆచార్యులుండవలెను, ఎందరున్నారు, అని గూడ నడుగుడు. అడుగువారు లేనందుననే యీ ఖాళీలు నిండలేదు.

ఉద్దానమున నొక రైతు వారమునకు రెండు మూడుమార్లు డయాలిసిసు మంచముపై పండుకొని, తన రక్తము యంత్రములో తిరుగుచుండగా పైకప్పు చూచుచుండును. తన కీ రోగమేల వచ్చినదని యతడు వైద్యుని అడిగియుండును. తెలియదని వైద్యుడు చెప్పియుండును. ఆ తెలియదను మాటను తెలిసినదిగ మార్చగల యువకుడు ఈ దేశమున లేకపోలేదు. అతడు నేడెచ్చటనో నోటిఫికేషను కొరకు కాచుకొనియున్నాడు. అతని కుర్చీ యతని కిచ్చుటయే ఆ రైతునకు మనము చేయగల వైద్యము.